పాత ఔట్‌బోర్డ్ మోటారున్న బోటు కొంటున్నారా? ఏ మోటారును నమ్మొచ్చు, ఏది వదిలేయాలి

వాడిన బోటు చూడ్డానికి వెళ్లినవాళ్లలో చాలామంది ముందు బాడీ చుట్టూ తిరుగుతారు. సీట్లు చిరిగాయా, రంగు వెలిసిందా, పైన కట్టే గుడ్డ బాగుందా అని చూసుకుంటారు. మోటారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూత తీసి ఓసారి తొంగిచూసి, "శుభ్రంగానే ఉందిలే" అనుకుని బేరంలోకి దిగిపోతారు. అసలు డబ్బంతా వెనకాల వేలాడుతున్న ఆ మోటారులోనే ఉంది. సీటు చిరిగితే కుట్టించుకోవచ్చు, బాడీ మీద గీత పడితే పూడ్పించుకోవచ్చు. మోటారులో ఒక్క సిలిండరు దెబ్బతిన్నా సరే, పాత బోట్ల విషయంలో చాలాసార్లు ఆ రిపేరు ఖర్చు బోటు కొన్న ధరను దాటిపోతుంది. అందుకే రెండు బోట్లు నచ్చి ఏది తీసుకోవాలో తేలనప్పుడు, నేనైతే బోట్లను పక్కనపెట్టి ముందు రెండు మోటార్లను పోల్చి చూడమంటాను.

"ఏ కంపెనీది మంచిది?" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. యమహా, సుజుకి, హోండా, మెర్క్యురీ, తోహత్సు, ఏది తీసుకున్నా వేల గంటలు తిరిగి ఇంకా చక్కగా నడుస్తున్నవీ ఉంటాయి, పట్టించుకునేవాడు లేక ఐదేళ్లకే మూలన పడ్డవీ ఉంటాయి. కొత్త మోటారు కొనేటప్పుడు కంపెనీ పేరు చూడాలి. పాతది కొనేటప్పుడు అంతకన్నా ముందు చూడాల్సింది దాన్ని ఇన్నాళ్లు ఎవరు ఎలా చూసుకున్నారో. ఆ సంగతి అమ్మేవాడు నోటితో చెప్పకపోయినా గేర్ ఆయిల్ చెప్తుంది, స్పార్క్ ప్లగ్గులు చెప్తాయి.

ముందు రకం తేల్చుకోండి

పాత మార్కెట్లో మీకు ఎదురయ్యేవి స్థూలంగా నాలుగు రకాలు: కార్బురేటరున్న టూ స్ట్రోక్, డైరెక్ట్ ఇంజెక్షన్ టూ స్ట్రోక్, కార్బురేటరున్న ఫోర్ స్ట్రోక్, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఫోర్ స్ట్రోక్. నాలుగింటినీ ఒకే కొలబద్దతో కొలిస్తే పొరపాటు, ఎందుకంటే దేని జబ్బులు దానివి.

కార్బురేటరున్న టూ స్ట్రోక్ తేలిగ్గా ఉంటుంది, లోపల భాగాలు తక్కువ, పని తెలిసిన ఏ మెకానిక్ అయినా విప్పి బిగించగలడు. పొగ, చప్పుడు, పెట్రోలు తాగుడు మాత్రం భరించాలి. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో తెచ్చిన ఉద్గార నిబంధనలు దశలవారీగా 2006 నాటికి పూర్తిగా అమల్లోకి వచ్చాయి, దాంతో పెద్ద మార్కెట్లలో ఈ రకం కొత్తవి రావడం దాదాపు ఆగిపోయింది. కొన్ని సరస్సుల్లో వీటిని అసలు దించనివ్వరు కూడా, కాబట్టి మీరు తిప్పబోయే నీళ్లలో రూలేంటో ముందే కనుక్కోండి. కొనేవాడికి ఇందులో ఉన్న సుఖం ఏంటంటే తనిఖీ తేలిక. సిలిండరులో ఒత్తిడి కొలిచే ఒక కంప్రెషన్ గేజ్, ఒక స్క్రూడ్రైవర్, ఒక ప్లగ్ స్పానర్ చేతిలో ఉంటే దాని జాతకం చాలావరకు బయటపడుతుంది.

దీంట్లో ఒక్క విషయం దగ్గర మాత్రం గట్టిగా ఆగాలి. కొన్ని టూ స్ట్రోకుల్లో ఆయిల్ విడిగా ట్యాంకులో పోస్తే ఒక పంపు దాన్ని పెట్రోలులో కలుపుతుంది. ఆ పంపు మీద నమ్మకం లేక చాలామంది దాన్ని తీసేసి, 50 పాళ్ల పెట్రోలుకి 1 పాలు ఆయిల్ చేత్తో కలిపి పోస్తుంటారు. ఆయిల్ ట్యాంకు మాత్రం బోటులో అలాగే ఉండిపోతుంది. కొన్నవాడు దాన్ని చూసి "ఆయిల్ ఉందిగా" అనుకుని ఉత్త పెట్రోలు పోసి బయల్దేరితే, ఒడ్డు దాటి కాస్త దూరం వెళ్లేసరికి పిస్టన్లు పట్టేస్తాయి. కాబట్టి పంపు ఉందా తీసేశారా అని సూటిగా అడగండి, మూత తీసి పైపులు కళ్లతో చూడండి, పంపు ఉంటే అలారం పనిచేస్తోందో లేదో చూడండి. చాలా మోటార్లలో తాళం తిప్పగానే ఓసారి బీప్ వస్తుంది. రాకపోతే ఎందుకు రాలేదో అడగాలి.

డైరెక్ట్ ఇంజెక్షన్ టూ స్ట్రోకులంటే ఎవిన్‌రూడ్ ఈ-టెక్, మెర్క్యురీ ఆప్టిమ్యాక్స్ లాంటివి. బలం ఉంటుంది, పెట్రోలు పొదుపు కూడా బాగానే ఉంటుంది. కాకపోతే వీటిని చూడాలంటే ల్యాప్‌టాప్, దానికి తగిన సాఫ్ట్‌వేర్, వీటి మీద చేయి తిరిగిన మనిషి, మూడూ కావాలి. పైగా ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీని బీఆర్‌పీ సంస్థ 2020లో ఆపేసింది. ధర ఊరించేలా ఉండటానికి అదీ ఒక కారణం. మీకు దగ్గర్లో ఈ రకం బాగుచేసే మెకానిక్ ఉంటే ఇది నిజంగా లాభసాటి బేరమే. లేకపోతే ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

కార్బురేటరున్న ఫోర్ స్ట్రోక్ చిన్న సైజుల్లో, అంటే 20 హార్స్‌పవర్ లోపు, చక్కటి మోటారు. దీని శత్రువు ఖాళీగా పడి ఉండటం. నెలల తరబడి వాడకుండా వదిలేస్తే పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్లో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాలను, అంటే జెట్లను, మూసేస్తుంది, ఇథనాల్ కలిపిన పెట్రోలైతే తేమ కూడా పీల్చుకుంటుంది. ఒక కార్బురేటరైతే విప్పి కడుక్కుంటే పోతుంది. నాలుగు కార్బురేటర్ల మోటారైతే నాలుగూ విప్పి కడిగి మళ్లీ ఒక తీరుగా సర్దడం ఓ పెద్ద పని, లేబర్ ఖర్చే తడిసి మోపెడవుతుంది.

నన్నడిగితే మధ్యస్థ సైజుల్లో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఫోర్ స్ట్రోక్‌దే పైచేయి. చలిలో కూడా ఇట్టే స్టార్టవుతుంది, చప్పుడు తక్కువ, పైగా చాలావాటి కంప్యూటర్ ఎన్ని గంటలు తిరిగిందో, అందులో ఏ వేగంలో ఎంతసేపు తిరిగిందో గుర్తుపెట్టుకుంటుంది. దీనికున్న చిక్కు బరువు. పాతకాలం టూ స్ట్రోక్ కోసం చేసిన బోటుకి తర్వాతెప్పుడో ఫోర్ స్ట్రోక్ తగిలించి ఉంటే వెనక భాగం కిందికి దిగి, నీళ్లు బయటికి పోవాల్సిన రంధ్రాల్లోంచే లోపలికి రావొచ్చు. అలాంటి బోటును గట్టు మీద ట్రైలర్ మీదే చూసి కొనకండి, నీళ్లలో దించి ఎలా తేలుతోందో చూడండి.

గంటల లెక్క

తక్కువ గంటలు తిరిగింది అనగానే కొనేవాళ్ల కళ్లు మెరుస్తాయి. ఔట్‌బోర్డ్ విషయంలో అది ప్రతిసారీ శుభవార్త కాదు. పదిహేనేళ్ల మోటారు మీద 120 గంటలే ఉన్నాయంటే అది ఎక్కువ కాలం పడుకునే ఉంది. అంతకాలం కదలకుండా ఉంటే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు వంగిన చోటే గట్టిపడిపోతాయి, సీళ్లు ఎండిపోతాయి, పెట్రోలు పైపులు లోపల పొరలుగా ఊడొస్తాయి, మిగిలిన ఉప్పు తన పని తాను చేసుకుపోతుంది. అదే వయసు మోటారు 900 గంటలు తిరిగి, ప్రతి ఏడాదీ లేదా ప్రతి 100 గంటలకీ ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ మార్చిన బిల్లులు ఉంటే, నా ఓటు కళ్లు మూసుకుని దానికే. సరిగ్గా చూసుకున్న ఫోర్ స్ట్రోకులు 2000 గంటలు దాటి తిరగడం వింతేమీ కాదు.

డాష్‌బోర్డు మీద కనిపించే గంటల మీటరును మాత్రం నమ్మొద్దు. దాన్ని మార్చడం, వైరు పీకేయడం చిటికెలో పని. ఇంజెక్షన్ మోటారైతే డీలరు దగ్గర లేదా సొంతంగా ల్యాప్‌టాప్ ఉన్న మెకానిక్ దగ్గర కంప్యూటర్ రిపోర్టు తీయించండి. అందులో మొత్తం గంటలతో పాటు, చాలా మోడళ్లలో పాత అలారాలు, వేడెక్కిన సందర్భాలు కూడా కనబడతాయి. రిపోర్టు తీయిస్తానంటే అమ్మేవాడి ముఖం మారిందంటే సగం సంగతి అక్కడే తేలిపోయినట్టు.

కొన్ని ఫోర్ స్ట్రోకుల్లో వాల్వులను సమయానికి కదిలించే టైమింగ్ బెల్టు ఉంటుంది, కొన్నింట్లో ఆయిల్‌లో తిరిగే చైను. చైను గురించి బెంగ తక్కువ. బెల్టు ఉన్నదైతే ఎప్పుడు మార్చారో అడగండి, జవాబు దొరకలేదంటే మార్చలేదనే లెక్క వేసుకోండి.

ఉప్పు నీరా, మంచి నీరా

ఒకే మోడల్, ఒకే ఏడాది, ఒకే గంటలు, ఒకటి సరస్సులో తిరిగింది, ఇంకోటి సముద్రంలో తిరిగింది అనుకోండి. మిగతావన్నీ సమానమైతే సరస్సుదే తీసుకోండి, కాస్త ఎక్కువ పెట్టయినా సరే. ఉప్పు నీటిలో తిరిగిన మోటారు పనికిరానిదని కాదు. తిరిగొచ్చిన ప్రతిసారీ మంచి నీళ్లతో లోపల కడిగారా అనేదే తేడా. మూత తీసి థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే వాల్వు) కూర్చునే భాగం చుట్టూ, సిలిండర్ హెడ్ అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుందేమో చూడండి, బోల్టుల చుట్టూ రంగు బుడగలుగా లేచిందేమో చూడండి. వైరింగ్ కనెక్టర్లలో ఒకటి రెండు ఊడదీసి ఆకుపచ్చ చిలుము ఉందేమో చూడండి. నీటి కింద ఉండే జింక్ లేదా అల్యూమినియం దిమ్మలు, అంటే తుప్పును తమ మీద వేసుకుని మోటారును కాపాడే యానోడ్లు, సగం అరిగి ఉంటే మంచి సూచన, పని చేస్తున్నాయన్నమాట. పూర్తిగా మాయమైతే ఆ తర్వాత తుప్పు మోటారునే తిన్నట్టు. ఏళ్ల తరబడి ఉప్పు నీటిలో ఉండి కూడా కొత్తదానిలా మెరుస్తుంటే వాటి మీద రంగు పూసేశారేమో చూడండి, రంగు పూసిన యానోడ్ ఉన్నా లేనట్టే.

కొన్ని మోడళ్లకు ప్రత్యేకంగా పేరుపడ్డ జబ్బులుంటాయి. ఉదాహరణకు 2000ల మొదట్లో వచ్చిన మొదటి తరం యమహా ఎఫ్225 లాంటి పెద్ద మోటార్లలో, ఉప్పు నీటిలో తిరిగినవాటికి ఎగ్జాస్ట్ మార్గాన్ని తుప్పు లోపలి నుంచి తినేయడం బాగా తెలిసిన సమస్య. బయటికి ఏమీ కనబడదు, విప్పి చూస్తేనే తెలుస్తుంది. మీరు చూస్తున్న మోడల్ నంబరు, ఏడాది పట్టుకుని దాని బలహీనతలేంటో చూడబోయే ముందే తెలుసుకుంటే ఎక్కడ టార్చిలైట్ వేయాలో తెలుస్తుంది.

అసలు తనిఖీ

అమ్మేవాడికి ముందే చెప్పండి: నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు అని. వెళ్లగానే సిలిండర్ హెడ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆయన ఉదయమే స్టార్ట్ చేసి పెట్టుకున్నాడు. చల్లగా ఉన్నప్పుడు మొండికేసే మోటారు వేడిగా ఉన్నప్పుడు బుద్ధిగా స్టార్టవుతుంది. అలాంటప్పుడు గొడవేం పెట్టుకోకుండా ఇంకో రోజు వస్తానని చెప్పి రండి.

స్టార్ట్ చేయకముందే చూడాల్సిన వాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కింద గేర్ కేసులోని ఆయిల్. ప్రొపెల్లరు ముందు ఉండే ఆ టార్పెడో లాంటి భాగానికి అడుగున ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ ఉంటాయి. పైది ముట్టుకోకుండా కిందది కాస్త వదులు చేయండి, ఒక తెల్ల కాగితం కింద పట్టండి. మోటారు నిటారుగా రాత్రంతా కదలకుండా ఉంటే, నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి లోపల చేరిన నీళ్లు అడుక్కి దిగి ఉంటాయి. అందుకే మొదట రాలే నాలుగు చుక్కలే అసలు సంగతి చెప్తాయి. చుక్కలు నీళ్లగానే పడ్డా, పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చినా సీలు పోయింది, నీళ్లు లోపలికి వస్తున్నాయి. అది ఈ మధ్యే మొదలైతే సీళ్లు మార్చుకుంటే సరిపోతుంది, ఏళ్లుగా ఉంటే బేరింగులు, గేర్లు తుప్పుపట్టి ఉంటాయి. మాడిన వాసన వస్తే గేర్లు ఎండిపోయి తిరిగాయన్నమాట. స్క్రూ కొసకి అయస్కాంతం ఉంటే దానికంటిన బూడిదరంగు మెత్తటి పొడి మామూలే, చేతికి గుచ్చుకునే లోహపు ముక్కలు మాత్రం మామూలు కాదు. ఆయిల్ తేనెలా తళతళలాడుతుంటే "ఎప్పుడు మార్చారు?" అని అడగండి. నిన్ననే మార్చి ఉంటే అది ఏ సంగతీ చెప్పదు, నీళ్లలో తిప్పి తెచ్చాక మళ్లీ చూడాల్సిందే. అనుమానం తీరకపోతే మెకానిక్‌తో గేర్ కేసులోకి గాలి పంపి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూపించుకోవచ్చు.

అక్కడే ఉన్నారు కాబట్టి ప్రొపెల్లరు నట్టు విప్పి దాన్ని ఒకసారి బయటికి లాగండి. షాఫ్టుకి చేపల గేలం దారం చుట్టుకుని ఉండటం చాలా మామూలుగా కనిపించే సంగతి. ఆ సన్నటి నైలాను దారమే తిరిగి తిరిగి సీలును కోసేస్తుంది. తర్వాత మోటారు న్యూట్రల్‌లో పెట్టి, ఎవరినీ తాళం దగ్గరికి రానివ్వకుండా, ఉత్త షాఫ్టును చేత్తో తిప్పుతూ కొసను చూడండి. కొస ఒకేచోట నిలబడి తిరగాలి, వంకరగా ఊగుతుంటే రాయికో మొద్దుకో తగిలింది. కింద రెక్కలా ఉండే స్కెగ్ విరిగినా, వెల్డింగ్ చేసి రంగేసినా అదే కథ. రంగు విషయానికొస్తే, మోటారంతా పాతగా ఉండి కింది భాగం ఒక్కటే కొత్తగా మెరుస్తుంటే పైన పటారం లోన లొటారం అన్న అనుమానంతోనే చూడండి.

ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజిన్ ఆయిల్ కర్ర బయటికి తీసి చూడండి. తెల్లటి నురగ ఉంటే లోపలికి నీళ్లు చేరుతున్నాయి. ఆయిల్ మట్టం గుర్తు కన్నా పైకి ఉండి పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు ఆయిల్‌లో కలుస్తోంది, దానికి కారణం రింగుల దగ్గర ఉండొచ్చు, ఇంజెక్టరు దగ్గర ఉండొచ్చు, మోటారు ఎప్పుడూ తగినంత వేడెక్కకుండా నెమ్మదిగానే తిరుగుతుండటం కూడా కావొచ్చు. కారణం తేలేదాకా డబ్బు చేతులు మారకూడదు.

ఇక కంప్రెషన్. ప్లగ్గులన్నీ తీసి ఏది ఏ సిలిండరుదో వరసలో పెట్టండి. ఇగ్నిషన్ పనిచేయకుండా, మోటారును వెంటనే ఆపేసే కిల్ స్విచ్ తాడు లాగేయండి (కొన్ని మోడళ్లలో అలా చేస్తే స్టార్టరు కూడా తిరగదు, వాటికి వేరే పద్ధతుంటుంది), థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ బిగించి, ముల్లు ఆగేదాకా స్టార్టరు తిప్పండి. ప్రతి సిలిండరుకీ అన్నే సార్లు తిప్పాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. అంకె ఎంతొచ్చిందన్నది మోడలును బట్టి, గేజును బట్టి మారుతుంది, కొన్ని ఫోర్ స్ట్రోకులకు స్టార్టింగు తేలికవ్వడానికి పెట్టిన ఏర్పాటు వల్ల అసలే తక్కువ చూపిస్తుంది. మీరు చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. అన్నీ 10 శాతం అటూఇటూగా ఉంటే సరే. 110, 112, 108 వచ్చి నాలుగోది 75 వచ్చిందంటే ఆ మోటారు బతికున్నా జబ్బు మనిషే. ఫోర్ స్ట్రోకులో తక్కువొచ్చిన సిలిండరులోకి ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, అంకె పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే లోపం వాల్వుల దగ్గరో హెడ్ గాస్కెట్ దగ్గరో ఉందని ఒక అంచనాకి రావొచ్చు.

ప్లగ్గుల కొసలు కూడా చూడండి. అన్నీ ఒకే రంగులో, లేత గోధుమరంగులో ఉంటే హాయి. ఒక్కటే ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండరులోకి నీళ్లు వస్తున్నాయేమో. పింగాణీ మీద సన్నటి అల్యూమినియం చుక్కలు కనిపిస్తే పిస్టన్ కరగడం మొదలైనట్టే, ఇంక వెనక్కి చూడకుండా వచ్చేయండి.

మోటారు బిగించిన బోటు వెనక గోడను, దాని లోపలి చెక్కను మర్చిపోవద్దు. మోటారును సగం పైకెత్తి, కింది భాగం పట్టుకుని పైకీ కిందికీ ఊపుతూ ఆ వెనక గోడ కదులుతోందేమో చూడండి. సుత్తి వెనక కొసతో తట్టుకుంటూ పోతే గట్టి చెక్క దగ్గర టక్‌మంటుంది, కుళ్లిన చోట బొదబొదమంటుంది. బోల్టుల చుట్టూ పగుళ్లుంటే సీలింగు పోయి నీళ్లు లోపల చెక్కకి చేరాయని అర్థం. ఈ రిపేరుకి మోటారు దించి, గోడ కోసి, మళ్లీ కట్టాలి. మోటారు ఎంత బాగున్నా ఇది ఉంటే ధర బాగా తగ్గాలి.

నీళ్లలోకి దించాకే నిజం

గట్టు మీద గొట్టం తగిలించి స్టార్ట్ చేసి చూపిస్తే సంతోషించండి కానీ సంతృప్తి పడొద్దు. నీళ్లు అందకుండా మాత్రం క్షణం కూడా స్టార్ట్ చేయనివ్వొద్దు, ఎండిన ఇంపెల్లర్ అప్పటికప్పుడే పాడైపోతుంది. గట్టు మీద మోటారు మీద బరువేమీ ఉండదు. నెమ్మదిగా తిరుగుతూ ఎంత తీయగా పాడే మోటారైనా బరువు పడ్డాకే దగ్గు మొదలుపెడుతుంది. కూలింగ్ నీళ్లు బయటికి చిమ్మే సన్నటి ధార నిలకడగా ఉందా, కాసేపటికి గోరువెచ్చగా మారుతోందా చూడండి. ధార అస్సలు రాకపోయినా వెంటనే కంగారు పడక్కర్లేదు, పురుగులు గూడు కట్టి ఆ రంధ్రాన్ని మూసేయడం మామూలే. ఆపేసి సన్నటి తీగతో పొడిచి చూసి, అప్పటికీ రాకపోతే పంపు సంగతి చూడాలి.

నీళ్లలో పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాక, గేరు ముందుకి, న్యూట్రల్, వెనక్కి మార్చి చూడండి. టక్ మని ఒక్కసారి పడాలి, కరకరలాడకూడదు. తర్వాత పూర్తి థ్రాటిల్. కంపెనీ ప్రతి మోడలుకీ పూర్తి వేగంలో ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) రావాలో చెప్తుంది, చాలా ఫోర్ స్ట్రోకులకి అది 5000 నుంచి 6000 మధ్య ఉంటుంది. అంతకు చేరకపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకి ముందుకి తోసే దూరం, అంగుళాల్లో) ఎక్కువై ఉండొచ్చు, మోటారు బలం తగ్గి ఉండొచ్చు. పిచ్‌లో ఒక అంగుళం మారితే ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 దాకా మారుతుంది కాబట్టి 300 తక్కువొస్తే ప్రొపెల్లర్ మీద అనుమానపడొచ్చు. 1200 తక్కువొచ్చి అమ్మేవాడు "ప్రొపెల్లర్ మారిస్తే సరిపోతుంది" అంటే మాత్రం నమ్మకండి. ఆర్‌పీఎం పెరుగుతూ బోటు వేగం పెరగకపోతే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారుతుండొచ్చు, అది చిన్న ఖర్చే. బరువు మీద వెళ్తుండగా గేరు దానంతటదే జారి బయటికొస్తే మాత్రం చిన్న ఖర్చు కాదు, గేర్ కేసు విప్పాల్సిందే.

మోటారు మొరాయిస్తున్నప్పుడు పెట్రోలు పైపులో ఉండే చేతి బుడ్డిని ఒకరు నొక్కుతూ చూడండి. నొక్కగానే అందుకుంటే లోపం పెట్రోలు అందడంలో ఉంది, అంటే పైపు, ఫిల్టరు, పంపు. నొక్కినా మార్పు లేకపోతే ఇంకా లోతుకి వెళ్లాలి. తిరుగుతున్నప్పుడు బ్యాటరీ మీద వోల్టేజీ దాదాపు 13.5 నుంచి 14.5 మధ్య ఉందేమో కొలవండి. బాగా తిప్పాక ఆపేసి, పావుగంట ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టయి వేడిలో మొరాయించే మోటార్లు ఇక్కడే దొరికిపోతాయి. ఒడ్డుకొచ్చాక మోటారును పూర్తిగా పైకెత్తి అలాగే ఉంచి మాటల్లో పడండి, అరగంటలో దానంతటది కిందికి జారితే మోటారును ఎత్తి దించే ట్రిమ్ సీళ్లు కారుతున్నాయి.

ఇప్పుడు ఎంచుకోవడం

చూసిన లోపాల్ని రెండు కుప్పలుగా వేసుకోండి. ఇంపెల్లర్, ప్లగ్గులు, యానోడ్లు, పెట్రోలు పైపులు, ప్రొపెల్లర్ బుష్, ట్రిమ్ సీళ్లు, ఒక కార్బురేటర్ కడగడం, ఇవన్నీ బేరమాడుకునేవి, ఇవి ఉన్నంత మాత్రాన బోటు వదిలేయక్కర్లేదు. సిలిండర్ల మధ్య కంప్రెషన్ తేడా, ఇంజిన్ ఆయిల్‌లో నీళ్లు, గేరు జారడం, మోటారును బోటుకి పట్టి ఉంచే బ్రాకెట్ పగలడం, మోటారు నీళ్లలో మునిగి తేలిన గుర్తులు, ఇవి ఉంటే బోటు ఎంత ముద్దొచ్చినా వేరేది చూసుకోండి. మునిగిన మోటారును ఎలా పట్టాలంటే, ఫ్లైవీల్ కిందా స్టార్టరు వెనకా మామూలుగా చెయ్యి దూరని మూలల్లో సన్నటి బురద ఎండిపోయి ఉంటుంది.

ఒక మోటారు పాతది, చూడ్డానికి మసిబారి ఉంది, కానీ కంప్రెషన్ సమానం, గేర్ ఆయిల్ శుభ్రం, నీళ్లలో పూర్తి ఆర్‌పీఎం కొట్టింది. రెండోది కొత్తగా కనిపిస్తోంది, గంటలు తక్కువ, కానీ యజమాని "నీళ్లలోకి ఇప్పుడు కుదరదండీ" అంటున్నాడు. ఇక్కడ ఆలోచించడానికేమీ లేదు, మొదటిదే.

ఒక మోటారు పెద్దదా, రెండు చిన్నవా అనే మీమాంస వస్తే, రెండు మోటార్లంటే తనిఖీ రెండింతలు, సర్వీసు ఖర్చు రెండింతలు. ఒడ్డుకి చాలా దూరం వెళ్లేవాళ్లకి రెండు ఉండటం ధైర్యమే, దగ్గర్లో తిరిగేవాళ్లకి ఒకటి చాలు. రెండు కొంటే రెండింటి కంప్రెషన్, పూర్తి ఆర్‌పీఎం పక్కపక్కన రాసుకోండి, ఒకే వయసు, ఒకే గంటలున్న రెండింటి మధ్య తేడా వస్తే తక్కువొచ్చినదాని మీద దృష్టి పెట్టండి.

మంచి బాడీ, చచ్చిన మోటారు ఉన్న బోటు కూడా కొన్నిసార్లు సరైన ఎంపికే, కాకపోతే మోటారు విలువ సున్నా అనుకుని బేరమాడాలి. అప్పుడు వేరే మోటారు బిగించేముందు బోటు మీద ఉండే ప్లేటు చూసి గరిష్ఠ హార్స్‌పవర్ ఎంతో తెలుసుకోండి, వెనక గోడ ఎత్తు కొలవండి. ఔట్‌బోర్డులు 15, 20, 25 అంగుళాల పొడవుల్లో వస్తాయి, పెద్దవాటిలో 30 కూడా ఉంది. పొట్టిది బిగిస్తే ప్రొపెల్లరు గాలి పీల్చుకుంటుంది, పొడుగుది బిగిస్తే నీళ్లను అనవసరంగా కోస్తూ బోటును వెనక్కి లాగుతుంది. వేరే కంపెనీ మోటారైతే కంట్రోల్ బాక్సు, వైరింగ్, మీటర్లు కూడా మార్చాల్సి రావొచ్చు, ఆ ఖర్చును చాలామంది లెక్కలో వేసుకోరు.

కాగితాల విషయం ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిదనిపిస్తుంది కానీ సీరియల్ నంబరు దగ్గర మాత్రం తొందరొద్దు. బ్రాకెట్ మీది ప్లేటులో ఉన్న నంబరు, బిల్లు మీదున్న నంబరు, చాలా మోడళ్లలో ఇంజిన్ బ్లాకు మీద గుండ్రటి మెటల్ బిళ్ల మీద కూడా ఉండే నంబరు, అన్నీ కలవాలి. ప్లేటు చెరిపేసి ఉంటే ఎంత మంచి కారణం చెప్పినా అది దొంగ సరుకే అనుకోండి.

అడ్వాన్స్ ఇవ్వాల్సొస్తే నీళ్లలో నడిపి చూసి, గేర్ ఆయిల్ మళ్లీ చూశాకే మిగతా డబ్బు అని కాగితం మీద రాయించుకోండి. బోటు ఇంటికి చేరాక, అమ్మినాయన ఏం మార్చానన్నా సరే, ఇంపెల్లర్, గేర్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్, పెట్రోలు ఫిల్టరు కొత్తవి వేయించి, అప్పుడున్న గంటలు, తేదీ ఒక చీటీ మీద రాసి మోటారు మూత లోపలివైపు అంటించండి.